షెడ్లలో బిడ్డకి పోషకాహారం ఏ ఊళ్లో ఇస్తారు?

సంపాదకులకు నమస్కారం.

అంగన్‌వాడీల గురించి వార్త వచ్చినప్పుడల్లా ఇన్ని లక్షల మంది, ఇన్ని కోట్లు అని రాస్తారు గానీ, పేరు ఒక రాష్ట్రంలో, మనిషి ఇంకో రాష్ట్రంలో ఉన్న తల్లుల ఊసే ఉండదు. బెంగళూరులో వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు ఏ అపార్ట్‌మెంటు లేస్తున్నా పక్కనే రేకుల షెడ్లుంటాయి, వాటిలో అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు చాలామందే కనిపిస్తారు.

మా వీధి చివరి షెడ్లలో కదిరి వైపు అమ్మాయి ఉంది, చంకలో ఎనిమిది నెలల బిడ్డ. కడుపుతో ఉన్నప్పుడు ఊళ్లో అంగన్‌వాడీలో పేరు రాయించుకుంది, గుడ్లు, పాలు తెచ్చుకుంది. కాన్పయ్యాక మొగుడితో ఇక్కడికొచ్చింది. ఇక్కడ సెంటర్‌కి వెళ్తే మీ పేరు మీ ఊళ్లోనే ఉంది, తీయించుకుని రమ్మన్నారట. ఊళ్లో టీచరుకి ఫోన్ చేస్తే ఓటీపీ వస్తుంది చెప్పమంది, ఆ నంబరేమో మొగుడి పాత సిమ్ము, రీచార్జి లేక ఎప్పుడో పోయింది. ఇప్పుడు బిడ్డకి అక్కడి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి లేదు, ఇక్కడిదీ ఏమీ లేదు, టీలో ముంచిన బిస్కెట్టే. "ఊళ్లో అయితే ఇస్తారక్కా" అని ఆమె మామూలుగానే చెప్పింది, ఒళ్లు మండింది నాకు.

2013 ఆహార భద్రతా చట్టంలో ఏముందో చూడండి. గర్భిణులకి, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లులకి, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకి స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం ఇవ్వాలని ఉంది. స్థానిక అంటే మనిషి ఉన్నచోటనే కదా! నలభై మంది చిన్నపిల్లలున్న బస్తీలో అంగన్‌వాడీ లేకపోతే అడిగిన మూడు నెలల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌లోనే చెప్పింది. అడగాలని షెడ్లలో ఎవరికి తెలుసు?

అంగన్‌వాడీ టీచర్లు పేర్లు ఎక్కించే కేంద్ర ప్రభుత్వ పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వెళ్లినవాళ్ల పేరు ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మార్చే వీలుంది. అది వాడటం మాత్రం ఆ టీచరు ఓపిక మీద ఉంటుంది, వాళ్లని అనీ లాభం లేదు, సర్వేల నుంచి ఎన్నికల డ్యూటీల దాకా అన్నీ వాళ్ల నెత్తినే వేస్తారు. పైగా 2025 జులై నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే రేషన్‌కి ముఖం స్కాన్ చేయడం తప్పనిసరి చేశారు. రోజుకి ఒక్కో పిల్లాడికి 8 రూపాయలని 2017లో ఖర్చు ఖరారు చేసి, ఆ 8 రూపాయల తిండికి ఆధార్, ఓటీపీ, ఫొటోనా?

కర్ణాటకలో 2017 అక్టోబర్ 2న మొదలైన మాతృపూర్ణ మంచి పథకమే, గర్భిణులకి, బాలింతలకి మధ్యాహ్నం వేడి భోజనం, గుడ్డు, పాలు. కానీ సెంటర్‌కి వెళ్లి తినాలంటే మేస్త్రీ వదలాలి. ఇటుకలు మోసే మనిషి మధ్యాహ్నం గంట పోయొస్తానంటే కూలి కోస్తాడు. ఆ భోజనమేదో సైటు దగ్గరికే రావాలి.

నేను కోరేది పెద్దదేం కాదు. నెలకోసారి ఒక టీచరు, ఒక ఫోను షెడ్ల దగ్గరికొచ్చి అక్కడికక్కడే పేర్లు రాయాలి, పాత ఊళ్లో పేరు తీయించే పని తల్లి మీద వేయకుండా రెండు రాష్ట్రాల అధికారులే చూసుకోవాలి. ఉగాదికి పంచాంగ శ్రవణం ఘనంగా చేసే ఇక్కడి తెలుగు సంఘాలు కూడా ఒక ఆదివారం వచ్చి కన్నడంలో నాలుగు మాటలు సాయం చేస్తే మేలు. పేరు మార్చుకోవడానికి ఏమేం కాగితాలు కావాలో అధికారుల్ని అడిగి మీ బెంగళూరు ఎడిషన్‌లో వేయండి, కత్తిరించి షెడ్ల గోడలకి అంటించే పని నేను చేస్తాను.

- ఒక పాఠకురాలు, వర్తూరు, బెంగళూరు