తీరప్రాంత పరిశోధనకు రెండేళ్ల కొలబద్దా?

సంపాదకులకు నమస్కారం.

శాస్త్రవేత్తల నియామకాలు, పదోన్నతులు వ్యాసం అచ్చయిన పత్రికకు దక్కే ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ అనే అంకె చూసి తేల్చే అలవాటు చాలా దేశాల్లో పాతుకుపోయింది. ఒక అఖాతానికో, ఒక తీరానికో పరిమితమైన సముద్ర జీవశాస్త్ర పత్రికలను ఇది నెమ్మదిగా ఎండిపోయేలా చేస్తోంది. మంచి వ్యాసం చేతిలో ఉన్న యువ పరిశోధకుడు దాన్ని అక్కడికి ఎందుకు పంపుతాడు?

ఒక పత్రిక గత రెండేళ్లలో ప్రచురించిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్నదే ఈ లెక్క. వేగంగా సాగే జన్యు పరిశోధనకు అది సరిపోతుందేమో. ఫలానా అఖాతంలో ఫలానా నెలలో దొరికిన పీతల జాబితాను రెండేళ్లలో ఎవరు తలుస్తారు? దాని అవసరం నలభై ఏళ్ల తర్వాత రావచ్చు. 2010లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు ప్రమాదం తర్వాత మెక్సికో అఖాతంలోకి 87 రోజులు చమురు పారింది. పోయినదెంతో తేల్చాలంటే అంతకుముందు ఉన్నదేమిటో ఎవరో రాసి ఉండాలి.

బ్రిటన్ సముద్ర జీవశాస్త్ర సంఘం 1887లోనే సొంత పత్రిక మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ తీరానికి దూరంగా ‘ఇ1’ అనే చోట 1903 నుంచి నీటి కొలతలు తీస్తూ వచ్చారు. 1930లలో సముద్ర జీవశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రస్సెల్ అక్కడి ప్లవకాల్లో (నీటిలో కొట్టుకుపోయే చిన్న జీవుల్లో) ఒక రకం బాణపు పురుగులు తగ్గి మరో రకం పెరగడం గమనించారు. అదే కాలంలో హెర్రింగ్ చేపలు తగ్గి పిల్చర్డ్‌లు పెరిగాయి. 1960ల చివరి నుంచి పరిస్థితి మళ్లీ వెనక్కి తిరిగింది. దీన్నే ‘రస్సెల్ చక్రం’ అంటారు. ఒక తరం మొదలుపెట్టిన పరిశీలనను మరో తరం కొనసాగించి అచ్చువేయకపోతే ఇది తెలిసేదే కాదు. అంతటి ‘ఇ1’ కొలతలు కూడా 1980లలో నిధులు లేక కొన్నేళ్లు ఆగిపోయాయి!

ప్రాంతీయ పత్రికలన్నీ సుద్దపూసలని నేననను. సమీక్ష మొక్కుబడిగా చేసేవి, సంచికలు ఏళ్ల తరబడి ఆలస్యం చేసేవి ఉన్నాయి. వాటిని సరిదిద్దాలి. సేకరించిన చోటు, తేదీ, నమూనా భద్రపరచిన మ్యూజియం వివరాలు లేని వ్యాసాన్ని వెనక్కి పంపాలి. పాత సంచికలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందించాలి. సారాంశమైనా ఆ తీరపు భాషలో వేస్తే మత్స్యకారులు చదివి తప్పొప్పులు చెప్పగలరు.

పత్రిక కొలమానాలతో వ్యక్తుల పరిశోధనను అంచనా వేయవద్దని 2012లో రూపొందిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా చెప్పింది. దానిపై సంతకం చేసిన సంస్థలు ముందుగా తమ పదోన్నతుల దరఖాస్తు నుంచి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడిని తొలగించాలి.

— ఒక పాఠకుడు