జూడో క్లాసు ఎందుకు ఆపామంటే

పెద్దల జూడో క్లాసు ఆగింది. బాక్సింగ్, కరాటే, జియుజిత్సు యథాప్రకారం నడుస్తాయి. వేళలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి కాబట్టి అవి మళ్లీ రాయను. చిన్నప్పుడో కాలేజీలోనో నేర్చుకుని, మధ్యలో వదిలేసి, ఇన్నేళ్లకు మళ్లీ గీ (జూడో దుస్తులు) తొడుక్కున్నవాళ్లే మన జూడో బ్యాచ్‌లో ఎక్కువ. అసలు సంగతి వాళ్లకు నేరుగా చెప్పాలి.

మ్యాట్లు బాగాలేవు. అంతే కారణం.

పాతవి నురగ ఫోమ్ పజిల్ మ్యాట్లు. కూర్చుని చేసే పనులకు సరిపోతాయి, విసరడానికి సరిపోవు. అందుకే కొత్తవి ఆర్డరిచ్చాం: 1 మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల మందం, లోపల ఫోమ్ తునకలను అదిమి అతికించిన దిమ్మ, దాని సాంద్రత ఘనపు మీటరుకు 230 కిలోలు, పైన వినైల్ తొడుగు, కింద జారని రబ్బరు. ఇవన్నీ ఆర్డరు కాగితంలో రాసి ఇచ్చినవే. సరఫరాదారు తేదీ మార్చాడు, మళ్లీ మార్చాడు, చివరికి సరుకు దింపాడు.

పొడవు వెడల్పులు సరిగ్గానే ఉన్నాయి, రంగూ అడిగిందే. బొటనవేలితో నొక్కితే మెత్తగా, హాయిగా దిగింది. కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. మ్యాట్‌ను నొక్కి చూడకూడదు, తూచాలి. 1 × 2 × 0.04 అంటే 0.08 ఘనపు మీటర్లు. 230తో గుణిస్తే ఒక్క ఫోమే 18.4 కిలోలు తూగాలి, తొడుగూ రబ్బరూ దానికి అదనం. వచ్చినవాటిలో చాలా మ్యాట్లు కాటా మీద 13 కిలోలు దాటలేదు. అంటే తొడుగుతో కలిపి లెక్కేసినా సాంద్రత 163 లోపే. పైగా ఒక మ్యాట్‌కూ పక్కదానికీ మందంలో 3, 4 మిల్లీమీటర్ల తేడా ఉంది. ఆ మెట్టు కంటికి ఆనదు, జరిగే పాదానికి తెలుస్తుంది. జూడోలో పాదం ఎత్తి వేయరు, నేలను రాస్తూ జరుపుతారు. వేలు ఆ అంచుకు తగిలి వెనక్కి మడుచుకుంటుంది.

సరఫరాదారు మొదట "వాడేకొద్దీ గట్టిపడతాయి" అన్నాడు. వాడేకొద్దీ ఫోమ్ అణిగిపోతుంది, ఉన్న బిగువు కూడా పోతుంది. తర్వాత "మిగతావాళ్లు వీటి మీదే విసురుకుంటున్నారు" అన్నాడు. విసురుకోనివ్వండి. చివరికి ధర తగ్గిస్తానన్నాడు. అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. మ్యాట్ సగం ధరకు వచ్చినా దాని మీద పడేవాళ్ల నడుము సగానికి తగ్గదు. సరుకు వెనక్కి పంపేశాం. కట్టిన అడ్వాన్సు ఇంకా రాలేదు. అది మా తలనొప్పి, మీ ఫీజుకు దాంతో సంబంధం లేదు.

"కాస్త మెత్తగా ఉంటే పడేవాళ్లకు మంచిదే కదా" అని చాలామంది అడిగారు. పడేవాళ్లకే కాదు, విసిరేవాళ్లకు కూడా చెడ్డది. ఉచి మాతా, సెయోయి నాగే లాంటి విసుర్లకు తిరిగేటప్పుడు బరువంతా మునివేళ్ల మీదికి వస్తుంది, పాదం నేల మీద గిర్రున తిరగాలి. మెత్తటి ఫోమ్‌లో పాదం దిగబడి అక్కడే ఉండిపోతుంది, తొడ ఎముక తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. నలభై దాటిన మోకాలికి అంతకన్నా చెడ్డ కదలిక లేదు. ఇక పడేవాళ్ల సంగతి. సాంద్రత తక్కువైన ఫోమ్ మొదట్లో సులువుగా అణుగుతుంది, బరువు దాటితే పూర్తిగా నొక్కుకుపోయి కింద నేల తగులుతుంది. 85 కిలోల మనిషి నడుం ఎత్తు నుంచి వస్తే మిగిలేది తొడుగూ గచ్చూ మాత్రమే.

నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరొకటుంది. క్లాసు మొత్తం ఆపాలా, లేక మందపాటి క్రాష్ మ్యాట్ మధ్యలో వేసి దాని మీదికే విసురుతూ నడపాలా? చాలాచోట్ల అలాగే చేస్తారు, పద్ధతిగా చేస్తే తప్పూ కాదు. విసిరేవాళ్లు పాత మ్యాట్ల మీద నిలబడతారు, పడేవాళ్లు 30 సెంటీమీటర్ల మెత్తటి దిమ్మ మీద పడతారు. కాగితం మీద బాగానే ఉంది. ఎత్తు తేడా దగ్గర చిక్కు వస్తుంది. ప్రత్యర్థి కాలిని వెనక నుంచి ఊడ్చి వెల్లకిలా పడేసే ఒసోటో గారీలో విసిరేవాళ్లు ముందుకు అడుగేయాలి, అక్కడ దిమ్మ అంచు కాలికి అడ్డం తగులుతుంది. చీలమండ మెలిపడేది అక్కడే. అంచుకు దూరంగా నిలబడితే దగ్గరికి రాకుండా చేతులతో లాగడం అలవాటవుతుంది, నడుంతో ఎత్తాల్సింది భుజంతో ఎత్తుతారు. పడేవాళ్లకు అంతకన్నా చెడ్డ అలవాటు పడుతుంది. మెత్తగా ఉంది కదా అని గడ్డం ఛాతీకి ఆనించడం మానేస్తారు. అసలు మ్యాట్ మీద అదే ఒసోటో గారీకి వెనక్కి పడినప్పుడు ముందు తగిలేది తల వెనుక భాగం. పిల్లలైతే ఆ అలవాటు ఒక నెలలో మార్చుకుంటారు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్ల ఒళ్లు పాత పనులు ఎంత బాగా గుర్తుపెట్టుకుంటుందో, కొత్త చెడు అలవాట్లనూ అంత గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఆపాం. చాదస్తం అన్నవాళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు వేరేచోటికి వెళ్లారు కూడా. వెళ్లినవాళ్లకు తలుపు తెరిచే ఉంటుంది, మ్యాట్ల విషయంలో మాత్రం మాట మారదు.

పడటం నేర్చుకునే పని ఆగలేదు. జియుజిత్సు క్లాసు మొదట్లో ఉకేమీ, అంటే దెబ్బ తగలకుండా పడటం, చేయిస్తాం. వెల్లకిలా పడుకుని, తర్వాత గొంతు కూర్చుని, అంతవరకే. నిలబడి పడటం లేదు. గడ్డం లోపలికి, చూపు బొడ్డు మీద, ఊపిరి బయటికి. చేతులు ఒంటికి 45 డిగ్రీలు దాటకుండా, అరచేయీ ముంజేయీ ఒకేసారి నేలకు తగలాలి. చెయ్యి భుజం ఎత్తుకు చాస్తే దెబ్బంతా భుజానికి పోతుంది.

ఈలోగా ఏ క్లాసులో చేరాలన్నది మీ ఇష్టం. మా సలహా అడిగితే, జూడోవాళ్లకు జియుజిత్సు దగ్గరి చుట్టం. జూడోను రూపొందించిన కానో జిగోరో 1882లో పెట్టిన జూడో బడి కోడోకాన్‌లో తయారైన మాయెదా మిత్సుయో 1914లో బ్రెజిల్ చేరాడు, అక్కడ మొలిచిందే మనం నేర్పే ఈ బ్రెజిలియన్ జియుజిత్సు. మనం మోకాళ్ల మీద నుంచి మొదలుపెడతాం కాబట్టి పాత మ్యాట్లు చాలు. అయితే జూడో అలవాట్లు కొన్ని ఎదురు తిరుగుతాయి. జూడోలో ప్రత్యర్థిని 20 సెకన్లు అదిమి పట్టుకుంటే ఇప్పోన్, ఆట ముగిసినట్టే. ఇక్కడ అదిమినంత మాత్రాన ముగియదు. జూడోలో బోర్లా ముడుచుకుంటే రిఫరీ లేపుతాడని ఆగుతారు. ఇక్కడ ఎవరూ లేపరు, వీపు ఇచ్చేస్తే ప్రత్యర్థికి 4 పాయింట్లు, ఆపై మెడకు బిగింపు. ఇంకోటి, గీ కోటు ముందు అంచు, అంటే లాపెల్‌ను బిగించి పట్టుకునే జూడో పట్టు ఆపకుండా పట్టుకుంటే వేళ్ల కీళ్లు వాస్తాయి. పట్టు అవసరమైనప్పుడే బిగించండి. మొదటి నెలల్లో ఎక్కువగా ఇబ్బంది పడేవి పక్కటెముకల మృదులాస్థి, మెడ, చేతివేళ్లు. మడమ తిప్పే హీల్ హుక్ మన తెల్ల, నీలి బెల్టుల్లో నిషిద్ధం. దాని నొప్పి తెలిసేలోపు మోకాలి లిగమెంటు తెగుతుంది.

నేల మీద దొర్లడం ఇష్టం లేనివాళ్లకు బాక్సింగ్ మంచిది. 4.5 మీటర్ల చేతిపట్టీ, స్పారింగ్‌కు 16 ఔన్సుల గ్లవ్స్, పళ్లకు గార్డు తెచ్చుకోండి. పట్టీని మణికట్టు దగ్గర మొదలుపెట్టి, పిడికిలి ఎముకల మీద మూడు చుట్లు వేసి, మళ్లీ మణికట్టుకే రావాలి. బొటనవేలు దగ్గర బిగిస్తే చెయ్యి మొద్దుబారుతుంది. తిరిగొచ్చినవాళ్లకు మొదటి 8 వారాలు తలకు గుద్దే స్పారింగ్ లేదు. ఎంత బతిమాలినా లేదు.

కరాటే విషయంలో శైలి చూసుకుని రండి. షోటోకాన్‌లో నిలుపులు లోతుగా ఉంటాయి. ముందు మోకాలు పాదం వేళ్ల దిక్కు తప్పి లోపలికి వాలితే నొప్పి మొదలవుతుంది, అలాంటివాళ్లను నిలుపు తగ్గించి చేయనిస్తాం. క్యోకుషిన్‌లో చేత్తో ముఖం మీద కొట్టకూడదు, కాలితో తలమీద తన్నొచ్చు, ఒంటి మీద మాత్రం నిజంగా పడతాయి. మనం నేర్పేది షోటోకాన్. టైక్వాండో అడిగినవాళ్లకు మా మాట: తల ఎత్తు తన్నులు పదేళ్ల విరామం తర్వాత మొదలుపెడితే ముందు తెగేది తొడ వెనక కండరమే. మూడు నెలలు నడుం ఎత్తుకే తన్నండి. అది మా దగ్గర లేదు, నేర్పేచోటు మీరే చూసుకోవాలి.

ఎందులో చేరినా ఒక సంగతి మాత్రం అందరికీ వర్తిస్తుంది. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టిన స్నాయువుకు నెలలు పడుతుంది. అందుకే మూడో నాలుగో వారంలో ఒళ్లు తేలికై "పాత నేనే" అనిపించినప్పుడే మడమ స్నాయువు నొప్పీ మోచేతి నొప్పీ వస్తాయి. మొదటి రెండు నెలలు వారానికి రెండు క్లాసులు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. మూడో రోజు కావాలనిపిస్తే వచ్చి కటా (ఒంటరిగా చేసే కదలికల వరుస) చేసుకోండి, లేదా కూర్చుని చూడండి. గుండె, రక్తపోటు, మెడ డిస్క్ ఇబ్బందులున్నవాళ్లు డాక్టరు చీటీ తేవాలి. ఇది కొత్త నియమం కాదు, ఇకపై తప్పకుండా అడుగుతాం.

బెల్టు గురించి. జూడోలో మీకున్న బెల్టు జూడోలో మీదే, క్లాసు మళ్లీ మొదలైనప్పుడు అదే కట్టుకోండి. జియుజిత్సుకు మాత్రం తెల్లది. బ్లాక్ బెల్టులకు ఇది కాస్త చేదుగా ఉంటుందని తెలుసు.

ఫీజు కట్టినవాళ్లకు మూడు దారులు: వేరే క్లాసుకు మార్చుకోవడం, జూడో మొదలయ్యేదాకా ఆపి ఉంచడం, వెనక్కి తీసుకోవడం. వెనక్కి అడిగితే కారణం అడగం.

ఎప్పుడు మొదలవుతుందో తేదీ చెప్పను, ఒకసారి చెప్పించుకున్న తేదీలు చాలు. కొత్త సరఫరాదారుతో ఒప్పందం ఇలా: ముందు ఒక్క మ్యాట్ నమూనాగా పంపాలి. దాన్ని కాటా మీద పెడతాం, నాలుగు మూలలా మందం కొలుస్తాం, బరువైన ఇద్దరితో దాని మీద నడుం మీదుగా విసిరే ఓ గోషీ వేయిస్తాం. అన్నీ సరిపోతేనే మిగతా ఆర్డరు, మిగతా డబ్బు. తూచే రోజు బోర్డు మీద రాస్తాం. రావాలనుకున్నవాళ్లు రండి, కాటా అంకె మీరే చదువుదురు గాని.