అమ్మ పేరు చెప్పి డైపర్లు కొన్నవాడి ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం.

నాకు 71 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. రెండేళ్ళ కిందట ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయ్యాక మూత్రం ఆగేది కాదు. దగ్గితే చాలు, లుంగీ తడిసేది. మెడికల్ షాపులో డైపర్లు అడగడానికి నోరు రాక "మా అమ్మకి" అన్నాను. అమ్మ పోయి పదిహేనేళ్ళయింది.

తర్వాత హైదరాబాద్‌లో రేడియేషన్. శని, ఆదివారాలు తప్ప రోజూ, ఆరున్నర వారాలు. మూత్రాశయం నిండుగా ఉండాలని ముందే నీళ్ళు తాగించి కూర్చోబెట్టేవారు. ఆగనివాడికి ఆపుకోమని పరీక్ష! ఆ బెంచీ మీద నలుగురైదుగురం ముసలాళ్ళం, చేతుల్లో నీళ్ళ సీసాలు. వారం దాకా ఎవరూ ఎవరినీ పలకరించలేదు. రెండో వారం నల్గొండ వైపు రైతు ఒకాయన నా వైపు ఒంగి, "సార్, మీకు గూడ కారుతదా?" అన్నాడు.

ఇక చూడండి. హార్మోన్ సూది వేశాక ఒంట్లోంచి ఆవిర్లు ఒకాయనకి. టీవీ సీరియల్ చూసి ఏడ్చానని ఇంకొకాయన. భార్య పక్కన పడుకోవడానికే మొహం చెల్లడం లేదని మూడో ఆయన. డెబ్బై దాటినవాడికి అదొక బాధా అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. బాధే. మూత్రం పట్టి ఆపినట్టు కండరాలు బిగించే వ్యాయామం సరిగ్గా ఎలా చెయ్యాలో నాకు ఒంటబట్టింది కూడా ఆ బెంచీ మీదే.

ఆస్పత్రిలో కౌన్సెలింగ్ జరగలేదని కాదు. పక్కన నా భార్యనీ, కొడుకునీ కూర్చోబెట్టి "ధైర్యంగా ఉన్నారా?" అనడిగారు. ఉన్నానండీ అన్నాను. కొడుకు ముందు ఇంకేమంటాను? మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఫోన్లో ఉంది, నొక్కబుద్ధి కాలేదు.

అయితే బెంచీ ఒక్కటే చాలదు. ఒక రోజు ఒకాయన "ఈ బతుక్కన్నా పురుగుల మందు నయం" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక అందరం నీళ్ళ సీసాల్లోకి చూశాం. మర్నాడు ఆయన ఆటో దిగేదాకా నా ప్రాణం కుదుటపడలేదు. ఏం చెప్పాలో తెలిసిన మనిషి ఒకరు మా మధ్య ఉండాల్సింది అప్పుడే.

హైదరాబాద్ ఎంఎన్‌జె లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రుల్లోనూ, ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యం చేసే ప్రైవేటు వాటిలోనూ వారానికో గంట, ఒక గది, ఒక సైకాలజిస్టుని మా వయసు మగవాళ్ళకి కేటాయించాలని ఆరోగ్య శాఖకు నా మనవి. ఇంటివాళ్ళని బయట కూర్చోబెట్టండి. వైద్యం ముగిసి ఊళ్ళకెళ్ళినవాళ్ళని అదే గంటలో ఫోన్లో కలపండి. ఖర్చేముంది, నాలుగు కుర్చీలు.

నా పేరు మాత్రం వెయ్యకండి. మా వీధి మెడికల్ షాపాయన మీ పేపరే చదువుతాడు.

— ఒక పాఠకుడు, ఖమ్మం