జీపీవోలకు పని నేర్చుకునే వ్యవధి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణ గ్రామాలకు మళ్లీ రెవెన్యూ ఉద్యోగి వచ్చాడు. పూర్వ వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి), వీఆర్ఏ (గ్రామ రెవెన్యూ సహాయకుడు)లకు అర్హత పరీక్ష పెట్టి, 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులుగా (జీపీవోలుగా) నియామక పత్రాలు ఇచ్చారు. గిర్దావర్‌గా (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా) పనిచేసి రిటైరైన నాకు ఇది సంతోషం కలిగించింది. అయిదేళ్ల కిందటి తీరు తలచుకుంటే మాత్రం గుబులుగా ఉంది.

2020 సెప్టెంబరు 7న, వీఆర్వో వ్యవస్థ రద్దుకు ముందు, వీఆర్వోలు తమ దగ్గరున్న రికార్డులన్నీ మధ్యాహ్నం మూడింటికల్లా అప్పగించాలని ఆదేశం వచ్చింది. మా ప్రాంతంలో పహాణీల (ఏటా రాసే భూమి, సాగు రికార్డుల) మూటలు బైకుల మీద, ఆటోల్లో తహసీల్ కార్యాలయానికి చేరాయి. పుస్తకాలు లెక్కపెట్టుకుని సంతకాలు తీసుకున్నారు. ఏ సర్వే నంబరులో అన్నదమ్ముల పంచాయితీ నడుస్తోంది, ఏ చెలక సాదా కాగితం మీద చేతులు మారింది, పట్టా ఒకరి పేరనుంటే కాస్తులో ఉన్నదెవరు అని అడిగి రాసుకున్నవారు లేరు. వీఆర్వోల మీద వచ్చిన అవినీతి ఆరోపణల్లో నిజముంది, నేనూ చూశాను. తప్పు చేసినవారిని శిక్షించాల్సిందే. కానీ ఊరి భూముల సంగతి తెలిసినవారందరినీ ఒక్క పూటలో పక్కన పెడితే నష్టపోయింది రైతే.

అదే ఏడాది అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. తహసీల్దార్లు జాయింట్ సబ్ రిజిస్ట్రార్లయ్యారు. దస్తావేజుల పని వారికి కొత్త, పోర్టల్ అందరికీ కొత్త. పాసుపుస్తకంలో పది గుంటలు తక్కువ పడిందని రైతు వస్తే "ఆప్షన్ లేదు" అనడం తప్ప సిబ్బంది చేయగలిగింది లేదు. తర్వాత తప్పులు దిద్దడానికి పోర్టల్‌లో టీఎం-33 వంటి మాడ్యూళ్లు వచ్చినా, ఏ తప్పుకు ఏది వాడాలో కార్యాలయంలోనే తెలియక దరఖాస్తులు వెనక్కి వచ్చేవి. ఉద్యోగులు మార్పును అడ్డుకున్నారని అప్పట్లో చాలామంది అన్నారు. నేర్పని పనికి, సందేహం వస్తే అడిగే దిక్కులేని పనికి వారిని నిందించడం అన్యాయం.

ధరణి స్థానంలో వచ్చిన భూభారతి విషయంలో కొంత నయం. 2025 ఏప్రిల్‌లో లింగంపేట, నేలకొండపల్లి, మద్దూరు, వెంకటాపూర్ మండలాల్లో ముందుగా అమలు చేసి చూశారు. ఆ ఓపిక ఉద్యోగుల శిక్షణలోనూ చూపాలి. వీఆర్వోలను 2022లో లాటరీ తీసి వేరే శాఖలకు పంపారు. వీఆర్ఏలను 2023లో సర్దుబాటు చేశారు. ఇన్నాళ్లూ మరో శాఖలో మరో పని చేసి తిరిగొచ్చినవారు వీరు. ఊళ్లో నోటీసులు అందించిన వీఆర్ఏకు విచారణ నివేదిక రాయడం బొత్తిగా కొత్త. ఆ నివేదికలో ఒక్క వాక్యం తప్పితే ఒక కుటుంబం ఏళ్ల తరబడి ఆర్డీవో, కలెక్టర్ల చుట్టూ తిరగాలి.

తరగతి గది పాఠాలు ఇందుకు చాలవు. కొత్త జీపీవోను కనీసం ఒక పంటకాలం అనుభవమున్న గిర్దావర్ వెంట ఉంచాలి. సర్వేయర్‌తో కలిసి హద్దురాళ్ల వెంట నడిపించాలి. పోర్టల్‌లో చిక్కు వస్తే అదే రోజు జవాబిచ్చే మనిషి మండలానికి ఒకరుండాలి. లోపం ఎత్తిచూపిన ఉద్యోగికి మెమో ఇవ్వకూడదు. సేత్వార్, చెసల పహాణీ వంటి పాత భూరికార్డులు చదవగలిగిన విశ్రాంత ఉద్యోగులం ప్రతి మండలంలోనూ ఉన్నాం. పిలిస్తే మా మండలంలో జీపీవోలకు ఆ పని ఉచితంగా నేర్పడానికి నేను సిద్ధం.

- ఒక విశ్రాంత గిర్దావర్, నల్లగొండ జిల్లా