భవనాల ఖర్చు పిల్లల ఫీజుల్లో వేయకండి

విశాఖపట్నం

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మద్దిలపాలెంలో నాది చిన్న జిరాక్స్ షాపు. మా అమ్మాయి ఈ నగరంలోనే ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఈ ఏడాది ఫీజు రసీదులో ట్యూషన్, ల్యాబ్, లైబ్రరీలతో పాటు 'భవన నిధి' అని కొత్త పద్దు చేరింది. ఏ భవనానికో, ఎన్నాళ్లు కట్టాలో ఎక్కడా రాయలేదు. ఆఫీసులో అడిగితే "అందరూ కడుతున్నారు, మీరూ కట్టండి" అన్నారు. బాకీ ఉంటే హాల్‌టికెట్ ఇవ్వరన్న భయంతో అప్పు చేసి కట్టాం.

భవనాలు వద్దని ఎవరూ అనరు సార్. ఈ ఊరి ఉప్పుగాలికి శ్లాబుల్లో ఇనుము తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసి వెళ్లిందో అందరం చూశాం. పాతవి బాగు చేయాలి, కొత్తవి కట్టాలి. కానీ యాభై ఏళ్లు నిలవాల్సిన భవనానికి, రెండేళ్లు చదివి వెళ్లిపోయే పిల్లల దగ్గర డబ్బు తీసుకోవడం ఏం న్యాయం? టెండర్లు పిలిచి, పునాది తీసి, శ్లాబు వేసేసరికి ఆ బ్యాచ్ చదువు అయిపోతుంది. అందులో ఒక్క క్లాసు కూడా వినరు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చింది. ఆ రోజుల్లో జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు రాజులు లేరు, ఆ బాధ్యత ప్రభుత్వానిది. మేం పన్నులు కడుతున్నది కూడా ప్రభుత్వానికే.

కేంద్రం 2017లో 'హెఫా' అనే సంస్థ పెట్టి, ఉన్నత విద్యాసంస్థల భవనాలకు గ్రాంటు బదులు అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా సంస్థలు అసలులో కొంతైనా తమ సొంత రాబడి నుంచే తీర్చాలి. యూనివర్సిటీకి సొంత రాబడి అంటే ముందు గుర్తొచ్చేది ఫీజులే. మన రాష్ట్రం ఆ దారి పట్టకూడదని కోరుకుంటున్నాను.

ఫీజు గడువు దగ్గర పడితే మా షాపు ముందు పిల్లలు నిలబడి ఫోన్లు చేస్తుంటారు. పాడేరు, పార్వతీపురం, టెక్కలి నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో అడగలేక ఫ్రెండ్స్‌ని అడుగుతుంటారు. ఒక్కోసారి ఆ మాటలు వినలేక లోపలికి వెళ్లిపోతాను. వెయ్యి రూపాయలు పెరిగినా చదువు మానేద్దామా అని ఆలోచించే ఇళ్లు ఇంకా ఉన్నాయి సార్. వాళ్లలో ఆడపిల్లల చదువే ముందు ఆగిపోతుంది.

భవన నిధి వసూలు ఆపించండి. భవనాలకు బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించండి. ఇప్పటిదాకా వసూలైనది ఎంత, దేనికి ఖర్చయిందో ప్రతి యూనివర్సిటీ నోటీసు బోర్డులో పెట్టేలా చూడండి. అన్నిటికంటే ముందు, ఈ పద్దు కట్టలేదని ఎవరి హాల్‌టికెట్టూ ఆపకూడదని ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే సెమిస్టర్ ఫీజు నోటిఫికేషన్ లోపు అది వస్తే మాలాంటి ఇళ్లలో చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
మద్దిలపాలెం