మా బస్ షెల్టర్ మీది బొమ్మ గురించి ఒక బహిరంగ లేఖ

ప్రకటనలకు అనుమతులిచ్చే అధికారి గారికి నమస్కారములు.

నేను బెంగళూరు మారతహళ్లిలో తెలుగు పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు చెబుతుంటాను. మా వీధి చివరి బస్ షెల్టర్ మీదున్న ప్రకటన గురించి మీ కార్యాలయానికి రెండుసార్లు రాసినా జవాబు రానందున, ఈసారి నలుగురి ఎదుట రాస్తున్నాను.

ఆ బొమ్మలో అమ్మాయి ముఖం పక్కకు తిప్పుకుని ఉంటుంది. అబ్బాయి ఆమె మణికట్టు పట్టుకుని నవ్వుతుంటాడు. దమ్మున్నవాడు వదలడని కింద కన్నడంలో రాశారు. ఇంతా చేసి అమ్ముతున్నది సెంటు సీసా. "ఆమె వద్దనలేదు కదా మాస్టారూ?" అని ఎనిమిదో తరగతి కుర్రాడు అడిగితే, వద్దనకపోవడం సరేననడం కాదని చెప్పడానికి ఆ రోజు లెక్కలు పక్కన పెట్టాను. పక్క బెంచీలోని అమ్మాయి తలెత్తలేదు. ఆ షెల్టర్ దగ్గర కుర్రాళ్లు ఆ బొమ్మ కింది మాటే అంటున్నారని, తాను తర్వాతి స్టాపు దాకా నడిచి బస్సెక్కుతున్నానని తరువాత చెప్పింది.

స్త్రీలను కించపరిచే ప్రకటనలు 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం ప్రసారం కాకూడదు. 2022 జూన్‌లో ఒక సెంటు ప్రకటన వీడియోలను తొలగించమని కేంద్ర సమాచార ప్రసార శాఖే ట్విటర్‌కు, యూట్యూబ్‌కు చెప్పింది. తెరమీద కూడనిది మా పిల్లలు రోజూ నిలబడే చోట ఎలా కూడుతుందో మీరే చెప్పాలి.

ఆ బొమ్మను పదిహేను రోజుల్లో తీయించి, దానికి అనుమతి ఎవరు, ఏం చూసి ఇచ్చారో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మారతహళ్లి ట్యూషన్ మాస్టారు