ఆ అక్క తువ్వాలు నా దగ్గరే ఉంది

వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో పడి, నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాను. చేతుల్లో వణుకు ఇంకా తగ్గలేదు, తప్పులుంటే మన్నించండి.

విత్తన కంపెనీ పొలాల్లో సీజన్ పనికి చేరి అది మూడో రోజు. హైబ్రిడ్ మొక్కజొన్నలో ఆడ వరుసల్లో, అంటే విత్తనం తీసే వరుసల్లో, మొక్క కొసన వచ్చే మగపూతను పుప్పొడి రాలకముందే లాగేయాలి. ఉన్నది కొద్ది రోజుల గడువు, అందుకే తరుముతూ ఉంటారు. తల దాటిన మొక్కల మధ్య గాలి ఆడదు. మధ్యాహ్నానికి నాకు చెమట ఆగిపోయింది. ఒళ్లు చల్లబడిందనుకున్నాను.

పక్క ముఠాలోని ఒక అక్క గమనించింది. తీసేసిన వరుసలోకే మళ్లీ వెళ్తూ ఏదేదో మాట్లాడుతున్నానట. నన్ను చెట్టు నీడకు ఈడ్చుకొచ్చి, తను రోజంతా తాగాల్సిన క్యాన్ నీళ్లు మొత్తం నా మీద గుమ్మరించింది. తన తువ్వాలు తడిపి మెడ మీద, చంకల్లో పెడుతూ అట్టముక్కతో విసురుతూనే ఉంది. ఎవరో నోట్లో నీళ్లు పోయబోతే, "స్పృహ సరిగా లేదు, పొలమారుతుంది, వద్దు" అని ఆపిందట. నాకు బాగా గుర్తున్నది ఆమె వేళ్లు. ఆకు అంచులు కోసిన సన్నటి గీతలు, వాటిలో ఇరుక్కున్న పసుప్పచ్చని పుప్పొడి. "తమ్ముడూ, నా వైపు చూడు, కళ్లు మూయకు" అంటూనే ఉంది. ఆమెది వరుసల లెక్కన కూలి. ఆ పూట కూలంతా నా కోసం పోగొట్టుకుందని తర్వాత తెలిసింది. అది విన్నాక ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఒళ్లు 40 డిగ్రీలు దాటిందని, అక్కడికక్కడే చల్లబరచడం వల్లే బతికానని డాక్టర్ చెప్పారు.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. కొత్తవాళ్లకు మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజూ కొంచెం పెంచమని నిపుణులు చెప్తారు. మాకు మొదటి రోజే పూర్తి వరుసలు అప్పగించారు. ఇప్పుడు అడిగితే కంపెనీ వాళ్లు కాంట్రాక్టర్ని అడగమంటారు, కాంట్రాక్టర్ కంపెనీని అడగమంటాడు. నా పేరు ఎవరి రిజిస్టర్లో ఉందో ఇప్పటికీ తెలీదు.

అమ్మానాన్న, అన్నయ్య ఆసుపత్రిలోనే ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అక్కా, మీ పేరైనా అడగలేకపోయాను. మీ తువ్వాలు ఉతికి ఉంచాను. ఆమె ఎవరో తెలిసినవాళ్లు దయచేసి ఈ మాట చెప్పండి, వచ్చి నా చేతులతో ఇస్తాను.

అయ్యో, మరిచిపోయాను. ట్రాక్టర్లో నన్ను రోడ్డు దాకా తెచ్చిన డ్రైవరన్నకు, రాత్రంతా సెలైన్ చూసిన నర్సమ్మకు, నా చెప్పులూ సంచీ దాచి పంపిన కుర్రాళ్లకు కూడా దండాలు. ఇంకా, నా మిగిలిన వరుస ఇద్దరు పూర్తి చేశారట, ఇప్పుడే తెలిసింది. వాళ్లకూ.